ఎన్‌క్రిప్టెడ్ టన్నెళ్లు తెగకుండా, నెమ్మదించకుండా: తరచుగా అడిగే ప్రశ్నలు

ఎన్‌క్రిప్టెడ్ టన్నెల్ అంటే ఇంటర్నెట్ మీదుగా రెండు చోట్లను కలిపే దారి, అందులో వెళ్లేది మధ్యలోవాళ్లు చదవలేరు. ఈ టన్నెళ్ల మీద మళ్లీ మళ్లీ అవే సందేహాలు వస్తుంటాయి కాబట్టి జవాబులన్నీ ఒకచోట పెట్టాం. ఉదాహరణలు ఎక్కువగా లినక్స్ మీద నడిచే వైర్‌గార్డ్‌వి. టన్నెల్ కట్టే మిగతా పద్ధతులు ఓపెన్‌వీపీఎన్, ఐపీసెక్, ఎస్‌ఎస్‌హెచ్ కూడా అవసరమైన చోట వస్తాయి. ఏ జవాబుకి ఆ జవాబు పూర్తిగా ఉంటుంది, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు. ఒక్క మాట మాత్రం ముందే చెప్పాలి. "టన్నెల్ పనిచేయట్లేదు" అనే ఫిర్యాదుల్లో తప్పు ఎన్‌క్రిప్షన్‌ది కావడం అరుదు. ప్యాకెట్ సైజు, రూటు, మధ్యలో కూర్చున్న నాట్ (రౌటర్ లోపలి చిరునామాలను బయటి చిరునామాగా మార్చడం), ఈ మూడింటిలో ఒకటి అయి ఉంటుంది. సెట్టింగులు మార్చే ముందు రెండు చివర్లలోనూ ప్యాకెట్లను చూడండి.

## ఎంచుకునే ముందు

వైర్‌గార్డ్, ఓపెన్‌వీపీఎన్, ఐపీసెక్: వీటిలో ఏది పెట్టుకోవాలి?

రెండు చివరలూ మీ చేతిలోనే ఉండి, మధ్యలో యూడీపీకి (చేరిందో లేదో చూడకుండా ప్యాకెట్లు పంపే పద్ధతికి) అడ్డు లేకపోతే వైర్‌గార్డ్. 2020లో వచ్చిన లినక్స్ కెర్నెల్ 5.6 నుంచి అది కెర్నెల్‌లోనే ఉంది. కాన్ఫిగ్ ఫైలు చిన్నది, సైఫర్లు (ఎన్‌క్రిప్షన్ పద్ధతులు) ఎంచుకునే తలనొప్పి లేదు. అవతలి వైపు వేరే సంస్థ ఫైర్‌వాల్ ఉంటే ఐపీసెక్, అందులోనూ ఐకేఈ (రెండు వైపులా కీలు కుదుర్చుకునే పద్ధతి) రెండో వెర్షన్. ఏ కంపెనీ పరికరం తీసుకున్నా అది ఉంటుంది కాబట్టి బేరమాడే పని తక్కువ. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, సర్టిఫికెట్లతో లాగిన్ కావాలన్నా, యూడీపీని పూర్తిగా మూసేసిన నెట్‌వర్క్ నుంచి టీసీపీ (పోయిన ప్యాకెట్లని మళ్లీ పంపే పద్ధతి) 443 పోర్టు మీద బయటపడాలన్నా ఓపెన్‌వీపీఎన్ పనికొస్తుంది.

ఒకటి రెండు పోర్టుల కోసం ఎస్‌ఎస్‌హెచ్ టన్నెల్ సరిపోదా?

సరిపోతుంది. ఒక డేటాబేస్ పోర్టుకో, ఒక అడ్మిన్ పేజీకో వీపీఎన్ పెట్టడం అనవసరం. రెండు జాగ్రత్తలు తీసుకోండి. సర్వర్ అలైవ్ ఇంటర్వెల్ 30 సెకన్లు, కౌంట్ మ్యాక్స్ 3 పెడితే, అవతలి వైపు మాయమైన 90 సెకన్లలో సెషన్ దానంతటదే ముగుస్తుంది. అప్పుడు సిస్టమ్‌డీ (లినక్స్‌లో సర్వీసుల్ని నడిపేది) సర్వీసు దాన్ని మళ్లీ లేపగలదు. రెండోది, ఫార్వర్డ్ (పోర్టుని అవతలి వైపుకి కలిపే దారి) విఫలమైతే బయటికి వచ్చేయమని చెప్పే ఆప్షన్ ఆన్ చేయండి. లేకపోతే పోర్టు అప్పటికే వేరే ప్రాసెస్ చేతిలో ఉన్నప్పుడు సెషన్ నిలబడే ఉంటుంది, ఫార్వర్డ్ మాత్రం ఉండదు. బయటికి అంతా బాగున్నట్టే కనిపిస్తుంది.

టన్నెల్ లోపల ఏ ఐపీ రేంజ్ వాడాలి?

192.168.0.0/24, 192.168.1.0/24, 10.0.0.0/24 వద్దు. ఇళ్లలో, హోటళ్లలో ఉండే రౌటర్లు ఎక్కువగా ఇవే వాడతాయి. మీ ఆఫీసు నెట్‌వర్కూ, యూజర్ ఇంట్లోని వైఫై కూడా 192.168.1.0/24 అయితే, ఆఫీసులోని 192.168.1.20కి పోవాల్సిన ప్యాకెట్ ఇంట్లోనే ఎవరినో వెతుక్కుంటూ ఆగిపోవచ్చు. 10.83.47.0/24 లాంటి ఎవరూ మామూలుగా ఎంచుకోని రేంజ్ తీసుకోండి. ఇప్పటికే రెండు చోట్లా ఒకే రేంజ్ ఉంటే ఒకవైపు నంబర్లు మార్చడమే శాశ్వత పరిష్కారం. అది కుదిరేలోపు ప్రతి చిరునామాకీ మరో చిరునామా ఇచ్చే ఒకటికొకటి నాట్ పెట్టి బండి నడిపించవచ్చు.

## సెటప్ చేస్తున్నప్పుడు

కీలన్నీ సర్వర్ మీదే తయారుచేసి అందరికీ పంపేయొచ్చా?

పని జరుగుతుంది గానీ మంచి పద్ధతి కాదు. ఏ పరికరం కీ ఆ పరికరంలోనే తయారవ్వాలి, పబ్లిక్ కీ ఒక్కటే బయటికి రావాలి. ప్రైవేట్ కీ ఉన్న ఫైలుకి పర్మిషన్ 600 (యజమానికి తప్ప ఎవరికీ అందకుండా) ఉండాలి. ఒకే కీని ఫోన్‌లోనూ ల్యాప్‌టాప్‌లోనూ పెట్టడం మరో పొరపాటు. వైర్‌గార్డ్ సర్వర్ ఒక పీర్ (టన్నెల్ అవతలి చివర ఉన్న పరికరం) నుంచి చివరగా సరైన ప్యాకెట్ ఏ చిరునామా నుంచి వచ్చిందో దానికే జవాబు పంపుతుంది. రెండు పరికరాలూ ఒకేసారి ఆన్‌లో ఉంటే కనెక్షన్‌ని ఒకదాని చేతిలోంచి ఇంకొకటి లాక్కుంటూ ఉంటాయి.

అలౌడ్ ఐపీస్ అంటే అసలేంటి? సర్వర్‌లో ఒకలా, క్లయింట్‌లో ఒకలా ఎందుకు?

ఆ ఒక్క లైను రెండు పనులు చేస్తుంది, గందరగోళమంతా అందుకే. బయటికి వెళ్లే ప్యాకెట్‌కి అది రూటింగ్ పట్టిక: ఈ గమ్యం ఏ పీర్‌ది? లోపలికి వచ్చే ప్యాకెట్‌కి అది వడపోత: డీక్రిప్ట్ అయ్యాక కనిపించిన సోర్స్ చిరునామా ఈ పీర్‌కి చెందినదేనా? కాకపోతే ప్యాకెట్ చప్పుడు లేకుండా పడిపోతుంది.

అందుకే సర్వర్‌లో ప్రతి క్లయింట్‌కీ దాని టన్నెల్ చిరునామా ఒక్కటే, 10.83.47.5/32 లాగా, రాయాలి. ఆ క్లయింట్ వెనక ఒక నెట్‌వర్క్ ఉంటే దాన్ని కూడా చేర్చాలి. క్లయింట్‌లో మాత్రం టన్నెల్ గుండా చేరాల్సిన నెట్‌వర్కులన్నీ రాయాలి.

ఒకే ఇంటర్‌ఫేస్‌లో ఇద్దరు పీర్లకి ఒకే రేంజ్ ఇస్తే ఎర్రర్ రాదు. చివరగా ఇచ్చిన పీర్‌కే ఆ రేంజ్ దక్కుతుంది, మొదటి పీర్ జాబితాలోంచి అది పోతుంది. "కొత్త క్లయింట్‌ని చేర్చగానే పాత క్లయింట్ ఆగిపోయింది" అంటే మొదట చూడాల్సింది ఇక్కడే.

హ్యాండ్‌షేక్ (రెండు చివరలూ కీలతో ఒకదాన్నొకటి గుర్తుపట్టే మొదటి పలకరింపు) కావట్లేదు. ఎర్రర్ మెసేజ్ కూడా లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

వైర్‌గార్డ్ స్వభావమే అది. తనకు తెలియని కీతో వచ్చినవాళ్లకి జవాబే ఇవ్వదు. టెల్‌నెట్‌తోనో పోర్ట్ స్కాన్‌తోనో పరీక్షిస్తే ఏమీ తేలదు. రెండు వైపులా బయటి ఇంటర్‌ఫేస్ మీద టీసీపీడంప్ (ప్యాకెట్లను చూపించే టూల్) పెట్టి, మీ యూడీపీ పోర్టుని, సాధారణంగా 51820ని, చూడండి. మొదలుపెట్టే ప్యాకెట్ పొడవు 148 బైట్లు, దాని జవాబు 92 బైట్లు. ఊరికే ఉన్నప్పుడు వెళ్లే కీప్‌అలైవ్ 32 బైట్లు. ఈ మూడు అంకెలు గుర్తుంటే చాలు, లోపల ఏముందో తెలియకపోయినా కథ అర్థమవుతుంది.

క్లయింట్ నుంచి సుమారు 5 సెకన్లకోసారి 148 వెళ్తూ, సర్వర్ దగ్గర అసలు కనిపించకపోతే దారి మూసి ఉంది. క్లౌడ్ ఫైర్‌వాల్ నియమం, రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డ్, యూడీపీని ఆపే నెట్‌వర్క్, వీటిని చూడండి. నియమంలో పొరపాటున టీసీపీ అని పెట్టడం చాలా మామూలు.

సర్వర్ దగ్గర 148 కనిపిస్తోంది, 92 బయలుదేరట్లేదు అంటే, పబ్లిక్ కీ తప్పు, లేదా ఆ పీర్ చేర్చలేదు, లేదా ఇంటర్‌ఫేస్ లేవలేదు, లేదా వేరే పోర్టు మీద వింటోంది. ఇంకో చిక్కు ఉంది: లోపలికి వచ్చే ప్యాకెట్‌ని టీసీపీడంప్ ఆ యంత్రం సొంత ఫైర్‌వాల్ కన్నా ముందే చూస్తుంది. కాబట్టి అక్కడ కనిపించినంత మాత్రాన ఫైర్‌వాల్ వదిలినట్టు కాదు.

సర్వర్ 92 పంపుతోంది, క్లయింట్‌కి చేరట్లేదు అంటే తిరుగుదారి. సర్వర్‌కి రెండు మూడు ఐపీలు ఉంటే, జవాబు వేరే ఐపీ నుంచి బయలుదేరుతోందేమో చూడండి. మధ్యలోని నాట్ దాన్ని గుర్తుపట్టదు.

చిన్న బోర్డు రీబూట్ అయ్యాక కనెక్ట్ కావట్లేదు, కాసేపటికి దానంతటదే సరవుతోంది. ఎందుకు?

గడియారం. బ్యాటరీతో నడిచే గడియారం లేని బోర్డులు లేచినప్పుడు పాత సమయంతో లేస్తాయి. వైర్‌గార్డ్ హ్యాండ్‌షేక్‌లో టైమ్‌స్టాంప్ ఉంటుంది. పాత ప్యాకెట్‌ని ఎవరో మళ్లీ పంపి మోసం చేయకుండా, ఇంతకుముందు చూసినదానికన్నా కొత్త సమయం ఉంటేనే సర్వర్ ఒప్పుకుంటుంది. బోర్డు నిన్నటి సమయం చెబితే తిరస్కరిస్తుంది. ఎన్‌టీపీ (నెట్‌వర్క్ నుంచి సమయం తెచ్చుకునే పద్ధతి) సమయం సరిచేశాకే టన్నెల్ లేచేలా సర్వీసుల వరుస పెట్టండి. ఎన్‌టీపీ సర్వర్ టన్నెల్ లోపలే ఉంటే మాత్రం ఈ ముడి ఎప్పటికీ వీడదు. బయటిది ఒకటి ఇవ్వండి.

## కనెక్ట్ అయింది, కానీ...

పింగ్ వెళ్తోంది, ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ అవుతోంది, పెద్ద పేజీలూ ఫైళ్లూ మాత్రం మధ్యలో ఆగిపోతున్నాయి. ఏం చేయాలి?

ఇది ఎమ్‌టీయూ (దారిలో ఒక ప్యాకెట్‌కి ఉండే గరిష్ఠ సైజు) సమస్య. చిన్న ప్యాకెట్లు దూరిపోతున్నాయి, నిండు ప్యాకెట్లు ఎక్కడో పడిపోతున్నాయి. ప్యాకెట్ పెద్దదైందని చెప్పే ఐసీఎంపీ సందేశాన్ని దారిలో ఎవరో ఆపేస్తున్నారు. అందుకే పంపేవాడికి సంగతి తెలియదు, అదే సైజు మళ్లీ మళ్లీ పంపుతూ ఉంటాడు.

లెక్క ఇది. వైర్‌గార్డ్ ప్రతి ప్యాకెట్‌కీ తనవి 32 బైట్లు, యూడీపీ హెడర్ 8, బయటి ఐపీ హెడర్ కలుపుతుంది. బయట ఐపీవీ4 అయితే మొత్తం 60, ఐపీవీ6 అయితే 80. మామూలు ఈథర్నెట్ 1500లోంచి 80 తీసేస్తే వచ్చేదే ఎక్కడ చూసినా కనిపించే 1420. మీ లైను పీపీపీఓఈ (కొన్ని బ్రాడ్‌బ్యాండ్ లైన్లలో లాగిన్ పద్ధతి) అయితే బయటి ఎమ్‌టీయూ 1492 మాత్రమే, కాబట్టి టన్నెల్‌కి 1412. మొబైల్ నెట్‌వర్కుల్లో ఇంకా తగ్గవచ్చు.

ఊహించకుండా కొలవండి. టన్నెల్ ఆపి, సర్వర్ బయటి ఐపీకి "ముక్కలు చేయొద్దు" అనే ఆప్షన్‌తో 1472 బైట్ల పింగ్ పంపండి. వెళ్లకపోతే తగ్గిస్తూ పోండి. ఉదాహరణకి 1424 దగ్గర వెళ్లిందనుకుందాం. దానికి ఐపీ, ఐసీఎంపీ హెడర్లవి 28 కలిపితే బయటి ఎమ్‌టీయూ 1452. అందులోంచి 60 తీస్తే 1392. ఐపీవీ6 మీద కూడా నడవాలంటే 80 తీసి 1372 పెట్టండి. రెండు చివర్లలోనూ అదే విలువ ఉండాలి.

టన్నెల్ చివర ఉన్న యంత్రం ఇతరుల ట్రాఫిక్‌ని కూడా మోస్తుంటే ఎమ్‌ఎస్‌ఎస్ (ఒక టీసీపీ ప్యాకెట్‌లో పట్టే డేటా) క్లాంపింగ్ కూడా పెట్టండి. లినక్స్ ఫైర్‌వాల్ ఐపీటేబుల్స్‌లో మ్యాంగిల్ పట్టిక, ఫార్వర్డ్ చైన్‌లో, కనెక్షన్ మొదలుపెట్టే సిన్ ప్యాకెట్లకి ఎమ్‌ఎస్‌ఎస్‌ని పాత్ ఎమ్‌టీయూకి కుదించే నియమం అది. ఎమ్‌టీయూ 1420 అయితే ఐపీవీ4లో ఎమ్‌ఎస్‌ఎస్ 1380 అవుతుంది. ఇది టీసీపీకే పనిచేస్తుంది, యూడీపీతో నడిచే క్విక్ లాంటి వాటికి కాదు. అసలు మందు ఎమ్‌టీయూ సరిగ్గా పెట్టడమే.

భయపడి 1200 పెట్టేయకండి. ఇంటర్‌ఫేస్ ఎమ్‌టీయూ 1280కి దిగువన ఉంటే లినక్స్ దాని మీద ఐపీవీ6ని నడపదు.

సర్వర్‌కి పింగ్ వెళ్తోంది, దాని వెనకున్న నెట్‌వర్క్‌కి వెళ్లట్లేదు. ఏం మర్చిపోయాను?

ఈ వరుసలో చూడండి. సర్వర్‌లో ఐపీ ఫార్వర్డింగ్ 1గా ఉందా, రీబూట్ తర్వాత కూడా ఉంటుందా? ఫార్వర్డ్ చైన్ వదులుతోందా? అదే యంత్రంలో డాకర్ ఉంటే ఆ చైన్ డిఫాల్ట్‌ని డ్రాప్‌కి మార్చి ఉండొచ్చు. క్లయింట్ అలౌడ్ ఐపీస్‌లో ఆ నెట్‌వర్క్ ఉందా? ఎక్కువమంది మర్చిపోయేది చివరిది: వెనకున్న యంత్రాలకి టన్నెల్ రేంజ్ ఎటువైపు ఉందో తెలుసా? తెలియకపోతే జవాబుని తమ డిఫాల్ట్ గేట్‌వేకి పంపేస్తాయి, అది అక్కడే పోతుంది. ఆ గేట్‌వేలో ఒక స్టాటిక్ రూటు రాయండి, లేదా సర్వర్‌లో మాస్కరేడ్ (క్లయింట్ చిరునామా బదులు సర్వర్ చిరునామాతో పంపడం) పెట్టండి. రూటే మేలు, లాగుల్లో అసలు క్లయింట్ చిరునామా కనిపిస్తుంది. క్లౌడ్‌లో అయితే తనది కాని చిరునామాతో వచ్చే ట్రాఫిక్‌ని ఆపే సోర్స్-డెస్టినేషన్ చెక్ ఆ యంత్రానికి తీసేయాల్సి రావచ్చు.

మొత్తం ట్రాఫిక్ టన్నెల్‌లోకి పంపాను, అయినా నా అసలు ఐపీ బయట కనిపిస్తోంది. ఎలా?

బహుశా 0.0.0.0/0 మాత్రమే రాసి ఉంటారు. అది ఐపీవీ4 వరకే. మీ లైనులో ఐపీవీ6 ఉంటే ఆ ట్రాఫిక్ నేరుగా బయటికి పోతుంది. ::/0 కూడా చేర్చండి, టన్నెల్ ఇంటర్‌ఫేస్‌కి ఒక ఐపీవీ6 చిరునామా ఇవ్వండి. పేర్లకి ఐపీలు చెప్పే డీఎన్‌ఎస్ సర్వర్ కూడా టన్నెల్ అవతలే ఉండేలా చూడండి.

## వేగం

100 ఎంబీపీఎస్ లైను ఉంది, టన్నెల్‌లో 30 కూడా రావట్లేదు. దోషం ఎక్కడ?

వేగం కొలిచే ఐపెర్ఫ్3తో నాలుగు కొలతలు తీసుకోండి: టన్నెల్ బయట, టన్నెల్ లోపల, లోపలే దిశ తిప్పి, లోపలే నాలుగు స్ట్రీములతో. బయటే 30 వస్తుంటే టన్నెల్ అమాయకురాలు. టన్నెల్ తీసుకునే భారం నిండు ప్యాకెట్లకి 4 శాతం దగ్గర ఉంటుంది. అంతకు మించి పోతోందంటే వేరే కారణం ఉన్నట్టే.

ఒక స్ట్రీముతో 30, నాలుగింటితో 95 వస్తే దూరం, బఫర్ల సమస్య. 100 ఎంబీపీఎస్ లైను, రానుపోను 100 మిల్లీసెకన్లు అయితే, ఏ క్షణంలోనైనా దారిలో 12.5 లక్షల బైట్లు ఉండాలి. టీసీపీ బఫర్ గరిష్ఠ పరిమితి అంతకన్నా తక్కువైతే లైను ఖాళీగా కూర్చుంటుంది. దారిలో కొద్దిపాటి ప్యాకెట్ నష్టం ఉన్నా ఇదే లక్షణం కనిపిస్తుంది. పంపే యంత్రంలో కంజెషన్ కంట్రోల్‌ని (ఎంత వేగంగా పంపాలో టీసీపీ నిర్ణయించే పద్ధతిని) బీబీఆర్‌కి మార్చి చూడండి.

ఎన్ని స్ట్రీములైనా 30 దగ్గరే ఆగితే, టాప్ కమాండ్ తెరిచి ప్రాసెసర్ కోర్లను విడివిడిగా చూడండి. మొత్తం వాడకం 25 శాతమే చూపిస్తున్నా, నాలుగు కోర్లలో ఒకటి నూటికి నూరు నిండి ఉండొచ్చు. చవక రౌటర్లలో జరిగేది తరచుగా ఇదే.

ఓపెన్‌వీపీఎన్‌ని టీసీపీ మీద నడిపితే మరింత నమ్మకంగా ఉండదా?

ఉండదు, నష్టమే ఎక్కువ. లోపలి టీసీపీ, బయటి టీసీపీ రెండూ పోయిన ప్యాకెట్‌ని మళ్లీ పంపడానికి ప్రయత్నిస్తాయి. బయటిది ఆలస్యంగానైనా తప్పక చేరుస్తుంది గానీ, ఆ ఆలస్యాన్ని చూసి లోపలిది ప్యాకెట్ పోయిందనుకుని ఇంకోటి పంపుతుంది. లైను కాస్త చెడగానే క్యూ పేరుకుపోయి అంతా స్తంభిస్తుంది. యూడీపీ దారి పూర్తిగా మూసిన చోట మాత్రమే టీసీపీ వాడండి.

సైఫర్ మారిస్తే, కంప్రెషన్ ఆన్ చేస్తే వేగం పెరుగుతుందా?

ప్రాసెసర్‌లో ఏఈఎస్ కోసం ప్రత్యేక సూచనలు ఉంటే ఏఈఎస్-జీసీఎం, లేకపోతే చాచా20-పాలీ1305. పాత సీబీసీ నుంచి జీసీఎంకి మారితే ఓపెన్‌వీపీఎన్‌లో తేడా తెలుస్తుంది. వెర్షన్ 2.6లో వచ్చిన డేటా ఛానెల్ ఆఫ్‌లోడ్ ఆన్ చేస్తే ఇంకా ఎక్కువ తెలుస్తుంది, ప్యాకెట్ల పని కెర్నెల్‌లోకి పోతుంది కాబట్టి. వైర్‌గార్డ్‌లో మార్చడానికేమీ లేదు. కంప్రెషన్ వద్దు. ఇప్పటి ట్రాఫిక్ ఎలాగూ ఎన్‌క్రిప్ట్ అయ్యే ఉంటుంది, అది కుదించుకోదు. పైగా 2018లో బయటపడిన వొరాకిల్ దాడి కంప్రెషన్‌నే ఆసరా చేసుకుంది.

ఒకరు పెద్ద ఫైలు అప్‌లోడ్ చేస్తే అందరి కాల్సూ తెగిపోతున్నాయి. ఆపడమెలా?

మోడెమ్‌లో క్యూ నిండిపోతోంది. ఇంటర్నెట్ వైపు ఇంటర్‌ఫేస్ మీద కేక్ (లినక్స్‌లో ప్యాకెట్ల వరుసని సర్దే పద్ధతి) క్యూ పెట్టి, వేగాన్ని అసలు అప్‌లోడ్‌లో 90 నుంచి 95 శాతానికి కట్టేయండి. టన్నెల్ ఒక యంత్రంలో, కేక్ వేరే రౌటర్‌లో ఉంటే, ఆ రౌటర్‌కి టన్నెల్ అంతా ఒకే ఫ్లోగా కనిపిస్తుంది, కాల్‌నీ అప్‌లోడ్‌నీ వేరు చేయలేదు. రెండూ ఒకే యంత్రంలో ఉంచండి.

## తెగకుండా ఉండాలంటే

కాసేపు వాడకపోతే సర్వర్ నుంచి క్లయింట్‌కి చేరలేకపోతున్నాం. ఎందుకు?

మధ్యలోని నాట్ తన పట్టికలోంచి ఎంట్రీని తీసేసింది. లినక్స్‌లో జవాబు రాని యూడీపీ ఎంట్రీకి డిఫాల్ట్ గడువు 30 సెకన్లే. నాట్ వెనకున్న వైపు పర్సిస్టెంట్ కీప్‌అలైవ్ 25 పెట్టండి. పబ్లిక్ ఐపీ ఉన్న సర్వర్ వైపు అవసరం లేదు. ఫోన్‌కి బయటినుంచి ఎవరూ రావాల్సిన పని లేకపోతే అక్కడా పెట్టకండి, బ్యాటరీ మిగులుతుంది.

సర్వర్ ఐపీ మారింది, డీఎన్‌ఎస్ కూడా మార్చాం. క్లయింట్లు పాత ఐపీకే ఎందుకు వెళ్తున్నాయి?

లినక్స్‌లో వైర్‌గార్డ్ ఆ పేరుని కాన్ఫిగ్ లోడ్ అయినప్పుడు ఒక్కసారే చూస్తుంది, తర్వాత మర్చిపోతుంది. వైర్‌గార్డ్ టూల్స్‌తో పాటే వచ్చే రీరిజాల్వ్ స్క్రిప్టుని టైమర్ మీద 30 సెకన్లకోసారి నడపండి.

రెండు ఇంటర్నెట్ లైన్లున్నాయి. ఒకటి పోతే టన్నెల్ రెండోదానికి దానంతటదే మారాలి. ఎలా?

ఒక్కో లైనుకి ఒక్కో వైర్‌గార్డ్ ఇంటర్‌ఫేస్ పెట్టండి. ఒకే ఇంటర్‌ఫేస్‌లో ఇద్దరు పీర్లుగా పెడితే ఒకే రేంజ్ ఇద్దరికీ ఇవ్వలేరు. ప్రతి టన్నెల్ బయటి ప్యాకెట్లు దాని లైనులోంచే వెళ్లేలా పాలసీ రూటుతో కట్టండి, లేకపోతే రెండు టన్నెళ్లూ ఒకే లైను మీద కూర్చుంటాయి.

చాలామంది ఇక్కడ రెండు మెట్రిక్‌లతో (ప్రాధాన్యం చెప్పే అంకెలతో) స్టాటిక్ రూట్లు రాసి ఊరుకుంటారు. అది పనిచేయదు. అవతలి వైపు చచ్చిపోయినా వైర్‌గార్డ్ ఇంటర్‌ఫేస్ కిందికి దిగదు కాబట్టి మొదటి రూటు అలాగే ఉంటుంది. టన్నెల్ లోపల రూట్లని ఒకరికొకరు చెప్పుకునే బీజీపీ, దానికి తోడు అవతలి వైపు పోయిందని త్వరగా పట్టే బీఎఫ్‌డీ నడపండి. ఎఫ్‌ఆర్‌ఆర్‌ అనే రూటింగ్ సాఫ్ట్‌వేర్‌తో గానీ బర్డ్‌తో గానీ చేయవచ్చు. అప్పుడు రెండు ఇంటర్‌ఫేసుల్లోనూ అలౌడ్ ఐపీస్ 0.0.0.0/0, వైర్‌గార్డ్‌ని లేపే డబ్ల్యూజీ-క్విక్‌లో టేబుల్ ఆఫ్. రూట్ల సంగతి బీజీపీ చూసుకుంటుంది. రెండే సైట్లయితే పింగ్ చేసి రూటు మార్చే చిన్న స్క్రిప్టు కూడా చాలు. ఒకవైపు నుంచి వెళ్లి ఇంకోవైపు నుంచి తిరిగొచ్చే ప్యాకెట్లు పడిపోకుండా ప్యాకెట్ వచ్చిన దారి సరైనదేనా అని చూసే రివర్స్ పాత్ ఫిల్టర్‌ని 2కి, అంటే సడలించిన పద్ధతికి, మార్చండి.

ఐపీసెక్ టన్నెల్ చక్కగా లేస్తుంది, సరిగ్గా గంటకోసారి పడిపోతుంది. ఏమై ఉంటుంది?

రీకీ (కొత్త కీ చేసుకునే) సమయంలో పీఎఫ్‌ఎస్ (ప్రతి కీనీ పాతదానితో సంబంధం లేకుండా పుట్టించే పద్ధతి) గ్రూపు కుదరట్లేదు. ఐకేఈ రెండో వెర్షన్‌లో మొదటి చైల్డ్ ఎస్‌ఏ (డేటాని మోసే కీల ఒప్పందం) ఆథెంటికేషన్‌తో పాటే తయారవుతుంది, దానికి విడిగా డిఫీ-హెల్మన్ కీ మార్పిడి ఉండదు. కాబట్టి రెండు వైపులా గ్రూపులు వేరుగా ఉన్నా మొదట్లో బయటపడదు. గడువు తీరి కొత్త కీ చేసేటప్పుడే గొడవ. ఒకరు పీఎఫ్‌ఎస్ ఆన్, ఒకరు ఆఫ్ పెట్టారేమో చూడండి. కొత్తగా పెట్టినప్పుడు లైఫ్‌టైమ్‌ని కాసేపు 5 నిమిషాలకి తగ్గించి రెండు మూడు రీకీలు దాటనిస్తే ఈ తప్పు మొదటిరోజే దొరుకుతుంది.

## రోజువారీ నిర్వహణ

కొత్త పీర్‌ని చేర్చడానికి టన్నెల్ ఆపి మళ్లీ లేపాలా?

అక్కర్లేదు. డబ్ల్యూజీ-క్విక్ స్ట్రిప్ ఇచ్చిన ఫలితాన్ని డబ్ల్యూజీ సింక్‌కాన్ఫ్‌కి అందిస్తే మారినవే మారతాయి, ఉన్న సెషన్లు తెగవు. సిస్టమ్ రూట్లని మాత్రం అది చేర్చదు, కొత్త నెట్‌వర్క్ ఉంటే రూటు మీరే వేయాలి. సేవ్ కాన్ఫిగ్ ట్రూ అని ఉంటే, టన్నెల్ దిగేటప్పుడు మీరు చేత్తో రాసిన మార్పులని అది చెరిపేస్తుంది.

టన్నెల్ బాగుందని ఏ అంకె చూసి చెప్పొచ్చు?

ట్రాఫిక్ నడుస్తుంటే సుమారు 2 నిమిషాలకోసారి కొత్త హ్యాండ్‌షేక్ అవుతుంది. 180 సెకన్లు దాటిన కీని వైర్‌గార్డ్ వాడదు. కాబట్టి కీప్‌అలైవ్ ఉన్న పీర్‌కి చివరి హ్యాండ్‌షేక్ వయసు 3 నిమిషాలు దాటితే అలర్ట్ ఇవ్వండి. కీప్‌అలైవ్ లేని ఫోన్లకి ఈ నియమం పెడితే రాత్రంతా తప్పుడు అలర్టులే. దీంతో పాటు టన్నెల్ లోపల ముక్కలు చేయొద్దనే ఆప్షన్‌తో నిండు సైజు పింగ్ ఒకటి నడపండి. 1420కి అది 1392 బైట్లు. మామూలు చిన్న పింగ్ దాచేసే ఎమ్‌టీయూ సమస్యని అది పట్టిస్తుంది.

టన్నెల్ గుండానే లాగినై టన్నెల్ సెట్టింగులు మార్చాలి. బయట పడిపోతే?

మార్చే ముందు పాత కాన్ఫిగ్‌ని ఐదు నిమిషాల తర్వాత వెనక్కి పెట్టే పనిని సిస్టమ్‌డీ-రన్‌తో టైమర్ మీద వేయండి. మార్పు బాగా పనిచేస్తే టైమర్ రద్దు చేయండి. కొత్త సెషన్ ఒకటి తెరుచుకుని లోపలికి రాగలిగాకే రద్దు చేయాలి, పాత సెషన్ బతికి ఉండటం రుజువు కాదు.

ఫోన్ పోయింది. దాని యాక్సెస్ ఎలా తీసేయాలి?

వైర్‌గార్డ్‌లో ఆ పీర్‌ని నడుస్తున్న ఇంటర్‌ఫేస్ నుంచీ, కాన్ఫిగ్ ఫైలు నుంచీ తీసేస్తే అయిపోయింది. ఫైలులోంచి మాత్రమే తీస్తే రీబూట్ దాకా ఆ ఫోన్ లోపలే ఉంటుంది. ఓపెన్‌వీపీఎన్‌లో సర్టిఫికెట్‌ని రద్దుచేసి కొత్త సీఆర్‌ఎల్ (రద్దయిన సర్టిఫికెట్ల జాబితా) సర్వర్‌కి చేర్చాలి. ఆ సీఆర్‌ఎల్‌కి కూడా గడువు ఉంటుంది, సర్టిఫికెట్లు తయారుచేసే ఈజీ-ఆర్‌ఎస్‌ఏ డిఫాల్ట్‌గా 180 రోజులు ఇస్తుంది. గడువు దాటితే సర్వర్ పోయిన ఫోన్‌నే కాదు, అందరినీ తిరస్కరిస్తుంది. గడువుకి నెల ముందే దాన్ని తిరగరాసే పనిని షెడ్యూల్‌లో పెట్టుకోండి.